డెబ్బై మూడో లడ్డు

ఉదయం ఏడు గంటల పదకొండు నిమిషాలకు పెళ్లికూతురి పేరు కింద పడిపోయింది. పెళ్లికొడుకు పేరు దాని వెనకే పడింది. రెండూ కలిసి కంప్యూటర్ తెర అడుగు అంచు దాటి ఎటో వెళ్లిపోయాయి. తెర మీద గులాబీ రంగు మాత్రం మిగిలింది. టీ గ్లాసు పట్టుకుని, అవి తిరిగి వస్తాయేమోనని కాసేపు చూశాను. రాలేదు.

గడియారం చూడటం ఉద్యోగం నేర్పిన అలవాటు. బొగ్గు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు లాంప్ రూమ్‌లో పనిచేశాను. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల నాకిచ్చి, అదే నంబరున్న టోపీ దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక, బిళ్లలు తగిలించే బోర్డు మీద ఒక్కటి మిగిలినా ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆ బిళ్ల కదిలేదాకా నేను కదలకూడదు. షిఫ్టు మొదట్లో అరగంట, చివర్లో అరగంట పని ఉండేది. మధ్యలో చదువుకునేవాణ్ణి. మా బడి మరాఠీ బడి. తెలుగు చదవడం బైబిల్‌తో నేర్చుకుని, ఆ తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పుస్తకాల్లో దీపాలు చాలా ఎక్కువ వాడతారు. దీపాల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. దీపానికి చార్జింగ్ పెట్టాలి, నంబరు చూడాలి. అంతకు మించి దానిలో ఏమీ లేదు.

ఆ పేర్లు తయారుచేసింది నా భార్య. అప్పటికి ఆమె పోయి తొమ్మిది నెలలు. మొదట ఫోన్‌లో చుట్టాల పిల్లలకు పుట్టినరోజు వీడియోలు చేసేది. తర్వాత కంప్యూటర్ కొని, పెళ్లి ఆహ్వానాల వీడియోలు చేయడం తనంతట తానే నేర్చుకుంది. లాల్‌పేట్‌లో మా వీధివాళ్ల పెళ్లిళ్లన్నిటికీ ఆమె వీడియోలే ఫోన్లలో తిరిగేవి. ఆఖరుగా ఒప్పుకున్నది పక్కింటి అమ్మాయి పెళ్లి. పక్కింటావిడ నన్ను అన్నా అంటుంది, నేను ఆమెను చెల్లె అంటాను. ఆమె కూతురి పేరునూ, కాబోయే అల్లుడి పేరునూ నా భార్య బూందీ లడ్డూలతో కూర్చింది. ఒక్కో లడ్డూ విడివిడిగా గీసి, నంబరు వేసి, అక్షరాల ఆకారంలో పేర్చింది. అమ్మాయి పేరుకు యాభై ఎనిమిది, అబ్బాయి పేరుకు యాభై నాలుగు. మొత్తం నూట పన్నెండు.

వాటిని కదిలించడానికి ఒక ప్లగిన్ కొంది. ప్లగిన్ అంటే వీడియోలు చేసే సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించే పనిముట్టు. ఇది బొమ్మలకు బరువు ఇస్తుంది. బరువు వచ్చాక అవి నిజం వస్తువుల్లాగే పడతాయి, గుద్దుకుంటాయి, దొర్లుతాయి, కుప్పపడతాయి. మనం చేత్తో ఒక్కొక్కటీ కదపనక్కర్లేదు. ఆమె దాన్ని ఎక్కించింది గానీ వాడలేదు. ఆస్పత్రికి వెళ్లింది.

ఆమె పోయిన తొమ్మిది నెలలకు, పెళ్లి తేదీ దగ్గరపడి, చెల్లె ఒకరోజు మా గుమ్మంలో నిలబడింది.

"అన్నా, తుకుం బస్తీల ఒకాయన చేస్తడట ఈ వీడియోలు. మా ఆయన అడుగుదమంటుండు."

"అడుగురి మరి."

"నేనే వద్దన్న."

"ఎందుకు?"

"వదినె చేస్త అన్నది గద."

"సగం చేసే ఉంచింది. మిగిలింది నేను చేస్త," అన్నాను.

"మా మిక్సీ చేసినట్టా?" అంది.

అంతకుముందు సంవత్సరం వాళ్ల మిక్సీ బాగుచేశాను. అప్పటి నుంచి పచ్చడి మూతలోంచి బయటికి వస్తోంది.

"మిక్సీ వేరు," అన్నాను.

గడువు తొమ్మిది రోజులు. మా మందిరంలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో పెళ్లి ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. మొదటి ప్రకటన చదివిన మధ్యాహ్నమే వీడియో అందరికీ పంపడం మావాళ్ల అలవాటు. ఆ ఆదివారానికి వీడియో లేకపోతే తుకుం ఆయనే గతి. అప్పుడు నా భార్య చేస్తానని చేయకుండా వదిలిన పని ఒకటి మిగిలిపోతుంది. ఆమెకు అలాంటివి ఇంకేవీ లేవు. కుట్టు మిషన్ మీద కూడా సగం కుట్టిన బట్ట లేదు. చూశాను.

కంప్యూటర్ పక్కన ఆమె నోటు పుస్తకం ఉంది. ప్లగిన్ పేరు రాసి, కింద మూడు వాక్యాలు రాసింది. "గ్రావిటీ అంటే కిందికి. ముందు నేల పెట్టాలె. పైకి రావాలె, ఎట్ల?" మొదటి రెండూ అర్థమయ్యాయి. మూడోది ప్రార్థన అనుకున్నాను. ఆమె పుస్తకాల్లో ప్రార్థనలూ, పాటలూ, ఉప్పు పప్పుల జాబితాలూ ఒకే పేజీలో ఉండేవి.

నేర్చుకోవడానికి ఒక హిందీ ఆయన వీడియోలు పెట్టుకున్నాను. ఏది కష్టమో దాని ముందు ఆయన "బహుత్ సింపుల్ హై" అంటాడు. రెండో రోజుకల్లా ఆ మాట వినగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ ఎండలకు కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోందని కూలర్‌ను దాని వైపు తిప్పాను. ఇంట్లో చల్లగా ఉన్నది కంప్యూటర్ ఒక్కటే. చూడటానికి వచ్చినవాళ్లందరూ దాన్ని ఆనుకుని నిలబడేవారు.

అందరికంటే ఎక్కువ వచ్చింది నా పాత స్నేహితుడు. గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. సర్దార్ అంటే కప్పు చూసేవాడు. కర్రతో గని పైకప్పును తట్టి, చప్పుడు విని, ఆ కింద మనుషులు నిలబడవచ్చో లేదో చెప్పేవాడు. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. మొదటిసారి వచ్చినప్పుడు మా కంప్యూటర్ తెరను కూడా వేలి కణుపుతో తట్టి, విని, తర్వాతే ముందు కూర్చున్నాడు.

ఏడు పదకొండుకు పేర్లు మాయమైంది నేల లేక. అందుకని ఒక నేల గీశాను. ఈసారి పేర్లతో పాటు నేల కూడా పడిపోయింది. ఆ సంగతి సర్దార్‌కు చెప్పాను.

"నేలెక్కడికి పడ్డది?"

"కిందికి."

"నేల కిందేమున్నది?"

"ఏం లేదు."

"ముప్పై ఏండ్లు కప్పు పడకుంట చూసిన బావా. నేల పడుతదని ఒక్క ఆఫీసరు చెప్పలే."

తర్వాత తెలిసింది. తెర మీదున్న ప్రతి వస్తువుకూ, అది పడేదో కదలకుండా ఉండేదో మనమే చెప్పాలి. చెప్పకపోతే అన్నీ పడేవే అనుకుంటుంది. నేలకు కదలొద్దని చెప్పాను. పక్కన రెండు గోడలు కట్టి వాటికీ చెప్పాను. భయానికి లడ్డూలకు కూడా చెప్పాను. ఏదీ కదల్లేదు. ఒక పూటంతా నూట పన్నెండు లడ్డూలూ గాలిలో అలాగే నిలబడి ఉన్నాయి. సర్దార్‌కు అది చాలా నచ్చింది. "గిట్లనే పంపు. ఎవ్వరికి దెబ్బ తాకది," అన్నాడు.

లడ్డూలను విడిచిపెట్టగానే ఇంకొకటి జరిగింది. పేర్చేటప్పుడు నా భార్య వాటిని అంచులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పెట్టింది. కంటికి అలాగే బాగుంటుంది. ప్లగిన్ మాత్రం ఒకే చోట రెండు వస్తువులుండటానికి ఒప్పుకోదు. పక్కదాన్ని తోసేస్తుంది. నూట పన్నెండూ ఒకేసారి తోసుకున్నాయి. పెళ్లికూతురి పేరు పేలి నాలుగు మూలలకూ ఎగిరింది.

సర్దార్ లేచి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. అక్కడి నుంచి అరిచాడు.

"బ్లాస్టింగ్ జేసేముందు సీటీ కొట్టాలె గద!"

"పేలుతదని నాకు తెల్వదు."

"తెల్వకుంట బ్లాస్టింగ్ జేసెటోన్ని సస్పెండ్ జేస్తరు. చార్జిషీట్ తీసుకో."

అప్పటి నుంచి నేను ప్లే నొక్కే ముందు ప్రతిసారీ ఆయన నోట్లో రెండు వేళ్లు పెట్టి సీటీ కొట్టేవాడు. నాలుగో రోజుకు మా గుమ్మం ముందు పడుకునే వీధికుక్క ఆ సీటీ వినగానే లేచి, రోడ్డు దాటి, అవతల నిలబడటం నేర్చుకుంది.

లడ్డూలు ఒకదానికొకటి తగలకుండా ఒక్కోదాన్ని వెంట్రుకవాసి చిన్నది చేశాను. నూట పన్నెండు సార్లు. దానికి ఒక రోజు పట్టింది. అన్నిటినీ ఒకేసారి చిన్నవి చేయవచ్చని హిందీ ఆయన మర్నాడు చూసిన వీడియోలో చెప్పాడు. బహుత్ సింపుల్ హై.

ఇక్కడ మా ఇంటి తలుపు గురించి చెప్పాలి. తలుపు పక్క గోడకు ఒక చిన్న చెక్క పలక ఉంది. పై వరసలో రెండు మేకులు, కింది వరసలో రెండు. పైన "ఇంట్ల", కింద "బయట" అని రాసి ఉంటుంది. రిటైరైన రోజు నంబరు పడని కొత్త బిళ్లలు రెండు నాకిచ్చారు. ఒకటి నాకు, ఒకటి ఆమెకు. ఎవరు బయటికి వెళ్లినా తమ బిళ్ల కింది మేకుకు మార్చాలి, తిరిగి వచ్చాక పైకి మార్చాలి. ఇంట్లో ఇద్దరమే. మూడో మనిషి లేడు. అయినా పెట్టాను.

"పాల ప్యాకెట్‌కు పోతే సుత మార్చాలెనా?" అని అడిగింది మొదటి రోజు.

"మార్చాలె."

"బట్టలారేస్తందుకు పోతే?"

"తీగ మన గోడ లోపలనే ఉన్నది గద."

"బయటనే లెక్క," అని, బట్టలు ఆరేయడానికి వెళ్లిన ప్రతిసారీ మార్చేది. తీగ మీద ఒక్కో బట్టా వేసి వచ్చి, బిళ్ల పైకి కిందికి మార్చి, మళ్లీ ఇంకో బట్ట తీసుకుని వెళ్లిన రోజులున్నాయి, నేను కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండగా. ఆస్పత్రికి వెళ్లిన రోజు ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఆమె వెనక్కి వచ్చి బిళ్ల మార్చి వెళ్లింది. అప్పటి నుంచి అది "బయట" దగ్గరే ఉంది. నేను నాది మారుస్తూ ఉన్నాను. వచ్చేవాళ్లు దాన్ని చూసేవారు, ముట్టుకునేవారు కాదు.

మళ్లీ లడ్డూల దగ్గరికి. ఇప్పుడవి పేలకుండా పడ్డాయి. కానీ నేల తాకగానే మోకాలెత్తు ఎగిరాయి. చెల్లె సరిగ్గా అప్పుడే వచ్చింది.

"అన్నా, ఇవి మా లడ్లేనా?"

"మీయే. ఎగురుడు జర ఎక్కువున్నది. తగ్గిస్త."

"లడ్డు ఎగిరిందంటే పాకం ముదిరినట్టు. మా వియ్యపురాలు చూస్తే ఏమంటది? రాళ్లు పెడుతున్నరంటది."

ఎంత ఎగరాలో చెప్పే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని సున్నా చేశాను. లడ్డూలు పడిన చోటే పేడలా అతుక్కుపోయాయి.

"ఇప్పుడు లేత పాకం," అంది. "చేతుల ఇరుగుతది."

"ఎంత పెట్టాలె మరి?"

"తీగ పాకం పెట్టు."

"దీంట్ల తీగ పాకం లేదు చెల్లె. సున్నా నుంచి వంద దాక అంకెలున్నయి."

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, తెర దగ్గరికి వంగి, పొయ్యి మీద గిన్నెలోకి చూసినట్టు చూసింది. "ఎనిమిది," అంది.

ఎనిమిది పెట్టాను. లడ్డూలు పడ్డాయి, కొంచెం లేచినట్టే లేచి కూర్చున్నాయి. అవి లడ్డూలే. ఆ అంకె కుదరడానికి వారం రోజులు ప్రయోగాలు చేసుకోమన్నాడు హిందీ ఆయన. ఆయన వీధిలో చెల్లె లాంటి మనిషి లేనట్టుంది.

అప్పుడు మొదటిసారి మొత్తం వీడియో మొదటి నుంచి చివరిదాకా చూపించాను. రెండు పేర్లు అందంగా నిలబడ్డాయి. సర్దార్ సీటీ కొట్టాడు. పేర్లు రాలి కుప్పపడ్డాయి. నేను ఆమె వైపు చూశాను. ఆమె ముఖం కూడా పడిపోయి ఉంది.

"ఇదేంది అన్నా? పేర్లు పడిపోతున్నయి."

"పడేసేటందుకే గద ఈ ప్లగిన్."

"పెండ్లి పిలుపు తెరిచి చూస్తే పిల్ల పేరు, పిలగాని పేరు నేల మీద కుప్ప పడి ఉండుడేంది? గిది అందరికి పంపుతమా?"

"లడ్లు పడొద్దని బైబిల్‌ల ఎక్కడ లేదు," అన్నాడు సర్దార్.

"బైబిల్‌ల లేదు. మా వియ్యపురాలి దగ్గరున్నది," అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి, "వదినెకు గప్పుడే చెప్పిన అన్నా. పడుడు వద్దు, పైకి రావాలె అని. సరే, అట్లనే చేస్త అన్నది," అంది.

నోటు పుస్తకం తీసి మూడో వాక్యం మళ్లీ చదివాను. పైకి రావాలె, ఎట్ల? అది ప్రార్థన కాదు. పని.

అది గురువారం. ఆదివారానికి మూడు రోజులు.

గ్రావిటీకి దిక్కు మార్చవచ్చు. కిందికి లాగేదాన్ని పైకి లాగమని చెప్పాను. పేర్లు పైకి పడ్డాయి. పైన కప్పు లేదు, ఆకాశంలోకి వెళ్లిపోయాయి. కప్పు కట్టాను. ఈసారి నూట పన్నెండు లడ్డూలూ వెళ్లి కప్పుకు కుప్పగా అతుక్కుని వేలాడాయి. సర్దార్ వాటిని చాలాసేపు చూశాడు. తెర పైఅంచును వేలితో తట్టాడు. విన్నాడు.

"దీని కింద నేనెవ్వరిని నిలవడనియ్య," అన్నాడు. "పెండ్లిపిల్లనైతే అసలే."

గ్రావిటీని మళ్లీ కిందికి తిప్పేశాను. శుక్రవారం ఉదయం, చేయడానికి ఇంకేమీ తోచక, కుప్పలో పడ్డవాటిని లెక్కపెట్టాను. ఎవరూ లెక్కపెట్టమనలేదు. నూట పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. నూట పదకొండే. నంబర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళితే, లేనిది డెబ్బై మూడు. అబ్బాయి పేరులోది.

మా గనిలో ఏ నంబరు దీపం ఎవరిదో నాకు ఇప్పటికీ గుర్తే. ఫోన్ చేశాను.

"నీది కనపడ్త లేదు," అన్నాను సర్దార్‌తో.

"ఏది?"

"డెబ్బై మూడు."

"డెబ్బై మూడు నాదే గద!"

"అందుకే చెప్తున్న."

"ఆగు, వస్తున్న." తుకుం నుంచి ఆ ఎండలో నెత్తికి తువ్వాలు చుట్టుకుని స్కూటర్ మీద ఇరవై నిమిషాల్లో వచ్చాడు. చెప్పులు విడవకుండానే అడిగాడు.

"యాడ పోయింది?"

"గోడ దుంకి పోయింది."

"ఎంత లోతుల ఉన్నది?"

ప్రతి వస్తువూ ఎక్కడుందో చూపించే అంకెలు ఒక పక్కన ఉంటాయి. డెబ్బై మూడు పక్కన ఉన్న అంకె క్షణక్షణానికీ పెరుగుతోంది. గోడ అవతల నేల గీయలేదు నేను.

"ఇంక పోతనే ఉన్నది," అన్నాను.

ఆయన కూలర్ ముందు కూర్చుని తువ్వాలు విప్పాడు. "పోనియ్యి బావా. నూట పన్నెండుల ఒక్కటి. ఎవరు చూస్తరు?"

"నువ్వే అంటున్నవా?"

"నేనే అంటున్న. నా లడ్డే గద."

"నువ్వొకసారి పైకి రాలేదని రెండు గంటలు బోర్డు ముందు నిలవడ్డ నేను."

"గా దినం నేను కింద నిద్రపోయిన."

"తెలుసు."

"తెలిసే నిలవడ్డవా?"

"బిళ్ల ఉన్నది గద."

ఆయన కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. గోడ ఎత్తు పెంచమన్నాడు. పెంచాను. డెబ్బై మూడు ఎగిరి గోడ మీద కూర్చుంది. దిగలేదు. ఆయనకు గర్వంగా అనిపించినట్టుంది. గోడను ఇంకొంచెం మందం చేశాను. డెబ్బై మూడు లోపలే ఉండిపోయింది గానీ ముప్పై ఒకటి బయటికి పోయింది.

"ముప్పై ఒకటి ఎవరిది?" అన్నాడు.

"పంపు ఆపరేటర్‌ది. ఇప్పుడు బామ్నిల ఉంటడు."

"ఫోన్ జేద్దామా?"

"వద్దు. పెద్దమనిషి. మోకాళ్ల నొప్పులు."

ఆయనను ఇబ్బంది పెట్టడం బాగుండదని గోడను మళ్లీ పాత కొలతకే తెచ్చాను. తిరిగి డెబ్బై మూడే పోయింది. కనీసం మనకు తెలిసిన మనిషిది.

అది ఏ క్షణంలో గోడ దాటిందో చూడాలనుకున్నాను. చూడాలంటే వీడియోను చివరి నుంచి వెనక్కి లాగాలి. మౌస్‌తో పట్టుకుని మెల్లగా లాగాను. కుప్ప కదిలింది. పైనున్న లడ్డూలు ముందు లేచాయి. తర్వాత కిందవి. ఒక్కొక్కటే నేల విడిచి, కొంచెం ఊగి, పైకి వెళ్లి తన చోట కూర్చుంటోంది. అమ్మాయి పేరు నిండింది. అబ్బాయి పేరు దాదాపు నిండింది, ఒక్క చోట చిల్లు తప్ప. అప్పుడు కుడి గోడ అవతలి నుంచి ఒక లడ్డూ ఎగిరి వచ్చింది. నేలను తాకి, ఒకసారి లేచి, నేరుగా వెళ్లి ఆ చిల్లులో కూర్చుంది.

నేను మౌస్ వదిలేశాను. సర్దార్ సీటీ కొట్టడం మర్చిపోయాడు. కుక్క గుమ్మంలోనే ఉండి మా వైపు చూస్తోంది.

"ఇంకోపారి లాగు," అన్నాడు.

ఇంకోసారి లాగాను. లెక్కపెట్టాను. నూట పన్నెండు.

"అన్ని పైకొచ్చినయి," అన్నాడు.

వీడియోను చివరి నుంచి మొదటికి నడిపే ఏర్పాటు ఒక మెనూలో ఉంది. ఒక్క నొక్కు. తొమ్మిది రోజుల్లో నిజంగా సింపుల్ అయింది అదొక్కటే. దాని గురించి హిందీ ఆయన ఒక్క మాట కూడా చెప్పలేదు.

శనివారం చెల్లెనూ, పెళ్లికూతురినీ పిలిచి చూపించాను. అమ్మాయి బడిలో టీచరు. నన్ను మామా అంటుంది. కింద లడ్డూల కుప్ప. కుప్ప లేచింది. ఆమె పేరు నిలబడింది. అతని పేరులో చిల్లు. అందరూ కూర్చున్నాక డెబ్బై మూడు గోడ దూకి వచ్చి చేరింది.

అమ్మాయి నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకుంది. "మామా, అగ్‌ది బరోబర్! అచ్చం గిట్లనే వస్తడు. నిశ్చితార్థం దినం గంటన్నర లేటు. అందరం కూసున్నంక గోడ పక్కకెంచి వచ్చిండు."

"నవ్వకే," అంది చెల్లె. "అన్నా, ఆ ఒక్క లడ్డు టైముకు రాదా? వియ్యపురాలు ఏమనుకుంటదో."

"అది నా లడ్డు. గంతే, లేటుగనే వస్తది," అన్నాడు సర్దార్.

"నీ లడ్డేంది అన్నా మధ్యల?"

ఆయన చెప్పాడు. దీపం నంబరు, బిళ్ల, గని, నిద్ర, అన్నీ చెప్పాడు. చెల్లెకు ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి, "సరే, అందరికంటె ముందు ఆమెకే పంపుదాం. వద్దంటే వద్దు," అంది.

పంపాం. నలుగురం కూలర్ ముందు ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. నాలుగు నిమిషాలకు వియ్యపురాలి ఫోన్ వచ్చింది. చెల్లె స్పీకర్ పెట్టింది. అవతల ముందు నవ్వు వినబడింది, చాలాసేపు. ఆ తర్వాత మాట.

"ఎవరు జేసిండ్రు వదినా ఇది? మా పిలగాడు చిన్నప్పుడు బడికి గట్లనే పోయెటోడు. ప్రార్థన అయినంక, గోడ దుంకి. మీకెవరు చెప్పిండ్రు?"

చెల్లె నా వైపు చూసింది. "మా వదినె," అంది. "మా అన్న మిగిలింది జేసిండు."

ఆదివారం మందిరంలో ప్రకటన చదివారు. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. ఒంటి గంటకల్లా వీడియో మా వీధిలో ప్రతి ఫోన్‌లోనూ ఉంది. అందరూ ఒక్క లడ్డూ గురించే మాట్లాడారు. సర్దార్ మందిరం మెట్ల మీద నిలబడి వచ్చినవాళ్లందరికీ అది తానేనని చెప్పాడు. ఇద్దరు ముగ్గురు ఆయనకు ఎండ తగిలిందనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చారు. తాగి, మళ్లీ చెప్పాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి ఫైలు మూసే ముందు చివరిసారి లెక్కపెట్టాను. నూట పన్నెండు. నోటు పుస్తకంలో మూడో వాక్యం కింద, "వెనక్కి నడపాలె," అని రాశాను. ఆమె అడిగింది, జవాబు రాయాలి కదా అని. కంప్యూటర్ ఆపి, కూలర్ నా వైపు తిప్పుకున్నాను.

తర్వాత తలుపు దగ్గరికి వెళ్లాను. లాంప్ రూమ్‌లో లెక్క సరిపోయాక బోర్డు సర్ది, తాళం వేసి, ఇంటికి వెళ్లేవాణ్ణి. కింది మేకు నుంచి ఆమె బిళ్ల తీసి, దుమ్ము తుడిచి, "ఇంట్ల" మేకుకు తగిలించాను. పక్కన నాది ఉంది.

సోమవారం పాలకు వెళ్లాను. వచ్చేసరికి సర్దార్ గుమ్మంలో నిలబడి పలక వైపు చూస్తున్నాడు.

"నువ్వు బయట ఉన్నవు. బోర్డు మీద ఇంట్ల ఉన్నవు," అన్నాడు. "చార్జిషీట్ కేసిది."

"టీ తాగుతవా?" అన్నాను.

తాగాడు. మా ఇంట్లో ఇప్పుడు బిళ్లలు మార్చడం లేదు.